వెలిగే బల్బును ఫొటో తీయడం ఎలా: తెల్లటి ముద్ద కాకుండా తీగ చుట్టలు కనిపించాలంటే

"బల్బు వెలిగించి ఫొటో తీస్తే తెల్లటి ముద్ద వస్తోంది. లోపలి తీగ కనిపించడం లేదు. వెలుగు తగ్గిస్తే గాజు మాయమైపోతోంది. ఏం చేయాలి?" బెంగళూరులో కొత్తగా కెమెరా కొన్న తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఖరీదైన లెన్సు కొంటే సరిపోతుందేమోనని కొందరు అనుకుంటారు. సరిపోదు. తగ్గించాల్సింది కెమెరాలో కాదు, బల్బులోనే. తీగ వెలుగును ఒక చేత్తోనూ, గాజు వెలుగును మరో చేత్తోనూ విడివిడిగా అదుపు చేయగలిగితే ఫోనుతో కూడా మంచి ఫొటో వస్తుంది.

కారణం క్లుప్తంగా చెబుతాను. పూర్తి కరెంటు మీద ఉన్న టంగ్‌స్టన్ తీగ సుమారు 2,700 కెల్విన్ వేడి మీద ఉంటుంది. లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి (ఎఫ్16), షట్టరును 1/4000 సెకను మాత్రమే తెరిచినా కెమెరా ఆ వెలుగును తట్టుకోలేదు. అదే తీగ మసకగా ఎర్రబడే స్థాయికి, అంటే 1,300 కెల్విన్ దరిదాపులకు దిగితే దాని వెలుగు వేల వంతులు పడిపోతుంది. అప్పుడు ఒక్కొక్క చుట్టా విడిగా కనిపిస్తుంది. ఇక గాజు సంగతి. గాజుకు సొంత వెలుగు లేదు. చుట్టూ ఉన్నదాన్నే అంచుల్లో చూపిస్తుంది. అందువల్ల దానికి వేరే దీపం కావాలి.

ఏమేం కావాలి

- పారదర్శకమైన గాజు ఉన్న ఫిలమెంటు బల్బు (లోపలి తీగ వేడెక్కి వెలిగే పాత రకం), 40 వాట్లది. పాలగాజు బల్బు పనికిరాదు. ఒకటి పగిలినా పని ఆగకుండా రెండు మూడు కొనండి.
- పిన్నుల హోల్డరు, తీగ, ప్లగ్గు బిగించి సిద్ధంగా ఉన్నది.
- బల్బుల కోసం తయారైన డిమ్మరు (తిప్పుతూ వెలుగును పెంచే, తగ్గించే సాధనం), పెట్టెలో బిగించినది. మెట్లు మెట్లుగా తిరిగే ఫ్యాను రెగ్యులేటరు వద్దు. మనకు కావలసిన వెలుగు ఆ మెట్ల మధ్యలో ఎక్కడో చిక్కుకుపోతుంది.
- ట్రైపాడ్. లేకపోతే పుస్తకాల దొంతర.
- ల్యాప్‌టాప్. గాజుకు దీపం ఇదే.
- నల్ల చార్టు, కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ, నూలు చేతితొడుగులు.
- మాన్యువల్ మోడ్ (అమరికలన్నీ మనమే పెట్టుకునే పద్ధతి) ఉన్న కెమెరా, లేదా ప్రో మోడ్ ఉన్న ఫోను.

మార్తహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చిన్న దుకాణాల్లో అడిగితే ఎల్‌ఈడీ బల్బులే చూపిస్తారు. ఫిలమెంటు బల్బు కోసం ఊరి పాత భాగానికి వెళ్లడం మంచిది. చిక్‌పేట మెట్రోలో దిగితే బీవీకే అయ్యంగార్ రోడ్డులో వరుసగా కరెంటు సామాను దుకాణాలు ఉంటాయి. డిమ్మరు లాంటివి ఎస్పీ రోడ్డులోనూ దొరుకుతాయి. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చిన కరెంటుతో 1905లో ఈ నగరంలో వీధిదీపాలు వెలిగింది ఆ పక్కనే, ఇప్పటి కేఆర్ మార్కెట్ ప్రాంతంలోనే. బల్బు ఫొటో కోసం సామాను అక్కడ కొనడం నాకెంతో ఇష్టం. కొనేటప్పుడు బల్బును దుకాణంలోనే వెలిగించి చూపమనండి. తర్వాత ఆర్పించి, తీగ వంగకుండా సరిగ్గా నిలిచి ఉందో, గాజు మీద గీతలూ పెద్ద అచ్చు అక్షరాలూ ఉన్నాయో చూడండి. అచ్చు బల్బు పైభాగాన ఉంటే హోల్డరును కాస్త తిప్పి దాన్ని వెనక్కి పంపవచ్చు.

డిమ్మరు దొరకకపోతే మరో దారి ఉంది. అది ఎలక్ట్రీషియన్లు పరీక్షలకు వాడే సిరీస్ బోర్డు. అదే పద్ధతిలో ఫొటో తీయాల్సిన 40 వాట్ల బల్బును, మరో 15 వాట్ల ఫిలమెంటు బల్బును వరుసలో, అంటే ఒకదాని గుండా వెళ్లిన కరెంటే రెండోదాని గుండా వెళ్లేలా, కలపాలి. అప్పుడు చిన్నది దాదాపు పూర్తిగా వెలుగుతుంది, 40 వాట్లది మసకగా ఎర్రబడుతుంది. 15 బదులు 25 వాట్లది పెడితే ఫొటో బల్బు నారింజ రంగుకు వస్తుంది. బాగా వెలిగే ఆ రెండో బల్బు ఫ్రేములోకీ ప్రతిబింబంలోకీ రాకుండా దాన్ని బల్ల కింద ఉంచండి. దాన్ని గుడ్డతో కప్పకండి, వేడికి అంటుకుంటుంది. ఈ బోర్డును తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే కట్టించండి.

మొదలుపెట్టే ముందు

ఇది 230 వోల్టుల కరెంటుతో పని. బల్బు మార్చే ప్రతిసారీ స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీసేయండి. అద్దె ఇళ్లలో స్విచ్ ఏ తీగను తెంపుతోందో మనకు తెలియదు. చేతులు పొడిగా ఉండాలి. ఇంట్లో లీకేజీ కరెంటును పట్టే బ్రేకరు ఉందో లేదో చూసుకోండి. పూర్తి కరెంటు మీద కాసేపు వెలిగిన బల్బు గాజు చేతిని కాలుస్తుంది. ఆర్పాక పది, పదిహేను నిమిషాలు ఆగి ముట్టుకోండి.

అసలు పని, దశలవారీగా

1. చేతితొడుగులు వేసుకుని బల్బును శుభ్రంగా తుడవండి. కంటికి కనిపించని వేలిముద్ర వెనుక నుంచి వెలుగు పడగానే తెల్లటి మచ్చలా బయటపడుతుంది. తుడిచిన తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకండి. పిండి లాంటి సన్నటి దుమ్ము కెమెరా బ్లోయరుతో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డితో) పోతుంది. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

2. గది చీకటి చేయండి. రాత్రి తొమ్మిది దాటాక మొదలుపెడితే సగం ఇబ్బందులు ఉండవు. పగలైతే కిటికీ ప్రతిబింబం బల్బు గుండ్రటి వంపు మీద చిన్న తెల్ల చతురస్రంలా కూర్చుంటుంది. దాన్ని తర్వాత చెరపడం చాలా కష్టం.

3. ల్యాప్‌టాప్‌లో తెర నిండా తెల్లటి చిత్రం తెరవండి. దాని మధ్యలో నల్ల దీర్ఘచతురస్రం ఉండాలి. ఏ చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లోనైనా రెండు నిమిషాల్లో తయారవుతుంది. కెమెరాలోంచి చూసినప్పుడు ఆ నలుపు మాత్రమే ఫ్రేమును నింపాలి, తెలుపు ఫ్రేము బయటే ఉండాలి. ఆ బయటి తెలుపే గాజు అంచులను పట్టి, నల్లటి నేపథ్యం మీద వెండి గీతలా గీస్తుంది.

4. తెరకు 15 నుంచి 20 సెంటీమీటర్ల ముందు బల్బును నిలపండి. తల కిందులుగా వేలాడదీయవచ్చు, లేదా హోల్డరును బల్ల మీద నిలబెట్టవచ్చు. తెరకు మరీ దగ్గరైతే తెర చుక్కలు ఫొటోలో కనిపిస్తాయి, మరీ దూరమైతే అంచు వెలుగు సన్నబడుతుంది.

5. కెమెరాను బల్బు ఎత్తుకే సమంగా పెట్టండి. లెన్సు ముందు యూవీ ఫిల్టరు ఉంటే తీసేయండి. ఫోనైతే లెన్సును తుడవండి. ఫోనులో మామూలు లెన్సుతో మరీ దగ్గరికి వెళ్లకుండా, ఉంటే రెండు మూడు రెట్ల జూమ్ లెన్సుతో కాస్త దూరం నుంచి తీయండి. బల్బు ఆకారం ఉబ్బినట్టు కాకుండా ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

6. ఫోకస్‌ను బల్బు వెలిగించకముందే పెట్టండి. చిన్న టార్చి వేసి, తీగను పట్టుకున్న సన్నటి ఆధారపు కమ్మీల మీద మాన్యువల్ ఫోకస్ సరిచేయండి. కెమెరా తెర మీద బొమ్మను పెద్దది చేసి చూడండి. తర్వాత ఆటోఫోకస్‌ను ముట్టుకోకండి. ఫోనులో తీగ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే తాళం పడుతుంది.

7. ముందు గాజుకు మాత్రమే ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి చేరే వెలుగు మోతాదు) పెట్టండి. కెమెరాలో ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, ఎఫ్8, 1/10 సెకను దగ్గర మొదలుపెట్టండి. ఫోనులో ఐఎస్ఓ 50, 1/100 సెకను. కెమెరాతో అయితే తెర వెలుగు పూర్తిగా ఉంచి, అంచు గీత శుభ్రంగా, కాలిపోకుండా కనిపించేవరకు షట్టరు మార్చండి. ఫోనుతో అయితే షట్టరును 1/100 దగ్గరే ఉంచి ల్యాప్‌టాప్ తెర వెలుగును పెంచండి, తగ్గించండి. వైట్ బ్యాలెన్స్ (కెమెరా రంగులను సరిచూసుకునే అమరిక) 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా ఉంచండి. ఆటోలో వదిలితే తీగ నారింజ రంగును కెమెరా చప్పగా చేసేస్తుంది.

8. ఇప్పుడు డిమ్మరును పూర్తిగా తగ్గించి ప్లగ్గు పెట్టండి. నెమ్మదిగా పెంచండి. తీగ నల్లటి స్థితి నుంచి ముదురు ఎరుపులోకి, అక్కడి నుంచి నారింజలోకి వస్తుంది. ఎరుపు కనిపించిన వెంటనే ఆగి ఒక ఫొటో తీయండి. కాస్త తిప్పి మరొకటి. ఈ దశ నుంచి షట్టరునూ ఐఎస్ఓనూ కదపకండి. తీగ ఎక్కువైతే డిమ్మరు తగ్గించండి, తక్కువైతే డిమ్మరు పెంచండి. ఈ ఒక్క నియమాన్ని పాటిస్తే గాజూ తీగా రెండూ ఒకే ఫొటోలో నిలుస్తాయి.

9. రెండు సెకన్ల టైమరు వాడండి. 1/10 సెకనులో వేలి తాకిడి చాలు, తీగ చెదిరిపోవడానికి.

చీకటి నేపథ్యం మీద వెలిగే అంచు కాక, తెల్లటి నేపథ్యం మీద నల్లటి అంచు కావాలంటే తెర మీది చిత్రాన్ని తిరగేయండి. మధ్యలో తెలుపు, చుట్టూ నలుపు. ఆర్పిన బల్బుకు ఇది చాలా అందంగా కుదురుతుంది. వెలిగే తీగకు మాత్రం నల్ల నేపథ్యమే నప్పుతుంది.

తీగ ఇంకా ప్రకాశంగా కావాలంటే

ఎరుపు చాలదు, బంగారు రంగు కావాలి అనుకుంటే ఒక ఫొటోలో కుదరదు. రెండు తీసి కలపాలి. బల్బు ఆర్పి, పైన చెప్పినట్టు గాజు అంచులతో ఒకటి తీయండి. తర్వాత కెమెరాను వెంట్రుక వాసి కూడా కదపకుండా ల్యాప్‌టాప్ తెరను పూర్తి నలుపు చేసి, డిమ్మరును నారింజ వరకు పెంచి, షట్టరును 1/1000 దరిదాపులకు తెచ్చి రెండోది తీయండి. చుట్టలు విడివిడిగా వచ్చాయా లేదా చూసుకుని అవసరమైతే ఇంకా తగ్గించండి. కంప్యూటర్‌లో ఫొటోలు సరిదిద్దే గింప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో రెండు ఫొటోలను పొరలుగా పెట్టి, పై పొరను లైటెన్ మోడ్‌లోకి (రెండింటిలో ఎక్కువ వెలుగున్నదాన్నే నిలిపే పద్ధతిలోకి) మార్చండి. ఫోనులో స్నాప్‌సీడ్ యాప్‌లోని డబుల్ ఎక్స్‌పోజర్‌లోనూ ఇదే మోడ్ ఉంది. కలిపాక తీగ ఆధారపు కమ్మీల మీదనే కూర్చుందా, పక్కకు జరిగిందా చూడండి. పక్కకు జరిగితే ట్రైపాడ్ కదిలినట్టు. సర్దే ప్రయత్నం చేయకుండా రెండు ఫొటోలూ మళ్లీ తీయండి, అదే త్వరగా అవుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

కెమెరా వెనుక చిన్న తెరను నమ్మకండి. చీకటి గదిలో అది ఉన్నదానికన్నా ప్రకాశంగా కనిపించి మోసం చేస్తుంది. ఫొటోను నూరు శాతానికి పెద్దది చేసి, తీగలో ఒక చిన్న భాగం ఎంచుకుని చుట్టలు లెక్కపెట్టండి. లెక్కపెట్టగలిగితే ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ సరే. చుట్టలు కలిసిపోయి ఒకే పట్టీలా ఉంటే వెలుగు ఎక్కువైంది. చుట్టలు ఉన్నా అంచులు మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. ఒక దిశలో మాత్రమే సాగినట్టు ఉంటే తీగ కదిలింది.

ఆ మూడోది చాలామందిని అయోమయంలో పడేస్తుంది. డిమ్మరు కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి పంపుతుంది. దానివల్ల తీగ సన్నగా వణకవచ్చు. చెవి దగ్గర పెడితే గుయ్ మనే శబ్దం వినిపిస్తుంది. డిమ్మరును కొద్దిగా అటూ ఇటూ తిప్పి శబ్దం తగ్గిన చోట ఫొటో తీయండి. తగ్గకపోతే సిరీస్ బోర్డు పద్ధతికి మారండి, అందులో ఈ బాధ ఉండదు. బల్బు మినుకు మినుకుమంటుంటే కారణం వేరు. చాలా డిమ్మర్లకు కనీస వాట్ల భారం కావాలి. 15 వాట్ల బల్బును డిమ్మరుకు తగిలిస్తే అందుకే నిలకడగా వెలగదు.

నేపథ్యం నిజంగా నల్లగా ఉందో లేదో హిస్టోగ్రామ్‌లో (ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు వరకు వెలుగు ఎంతెంత ఉందో చూపే పటంలో) చూడండి. దాని గుట్ట ఎడమ గోడకు ఆనుకుని ఉండాలి. బూడిద రంగు తేలితే ల్యాప్‌టాప్ నల్ల భాగం నుంచి వెలుగు కారుతోంది. తెర మధ్యలో అదే కొలతకు కత్తిరించిన నల్ల చార్టు అంటిస్తే పోతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

గాజులో మీరే కనిపించడం అన్నిటికన్నా ముందు. లేత రంగు చొక్కా, మెరిసే ట్రైపాడ్ కాళ్లు, వెనుక తెరిచి ఉన్న వంటగది తలుపు, అన్నీ ఆ చిన్న గోళంలోకి వచ్చి చేరతాయి. ముదురు రంగు దుస్తులు వేసుకోండి. నల్ల చార్టుకు లెన్సు పట్టేంత రంధ్రం చేసి, దాని వెనుక నుంచి తీయండి. లెన్సుకు పోలరైజరు ఫిల్టరు బిగిస్తే ప్రతిబింబాలు పోతాయని చెబుతారు. చదునైన గాజుకు ఒక కోణంలో అది నిజమే. గుండ్రటి బల్బు మీద అన్ని కోణాలూ ఉంటాయి కాబట్టి పెద్దగా పనిచేయదు. ఆ డబ్బుతో చార్టులు కొనుక్కోండి.

ఫ్రేములో ఎదురు మూలన పచ్చటి నీడలాంటి రెండో తీగ కనిపిస్తే అది లెన్సు లోపలి ప్రతిఫలనం. బల్బును ఫ్రేము మధ్యకు తెస్తే అది అసలు తీగ వెనుకకు వెళ్లిపోతుంది.

మామూలు ఎల్‌ఈడీ బల్బును డిమ్మరుకు తగిలించకండి. చాలావాటి లోపలి సర్క్యూట్ దానికోసం తయారైంది కాదు.

నీటి చుక్కలు అతికిన బల్బు అందంగా ఉంటుందని కొందరు వెలిగే బల్బు మీద స్ప్రే చేస్తారు. ఎప్పుడూ చేయకండి. వేడి గాజు మీద చల్లటి నీరు పడితే పగులుతుంది, హోల్డరులోకి నీరు జారితే షాక్ కొడుతుంది. చుక్కలు కావాలంటే హోల్డరు నుంచి తీసిన చల్లటి బల్బు మీద గ్లిజరిన్ కలిపిన నీరు చల్లండి. చుక్కలు జారకుండా చాలాసేపు నిలుస్తాయి. తీగ వెలుగును రెండో బల్బుతో విడిగా తీసి కలుపుకోవచ్చు.

కాఫీ హోటళ్లలో వేలాడే బల్బులు

ఇందిరానగర్, కోరమంగల వైపు హోటళ్లలో పాతకాలపు ఆకారంలో వేలాడేవాటిలో చాలావరకు ఎల్‌ఈడీలే. లోపల కనిపించేవి తీగలు కావు, ఎల్‌ఈడీ పుల్లలు. అక్కడ డిమ్మరు మన చేతిలో ఉండదు కాబట్టి చుట్టల కోసం వెతకకండి. బల్బుల వరుస, వాటి మధ్య ఖాళీ, వెనుక మనుషుల నీడలు, వీటి మీద దృష్టి పెట్టండి.

అక్కడ వచ్చే పెద్ద తలనొప్పి ఫొటోకు అడ్డంగా పడే చీకటి చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్. అందువల్ల నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టరును 1/100 లేదా 1/50 దగ్గర పెడితే చారలు పోతాయి. కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టరు ఆన్‌లో ఉంటే మెకానికల్‌కు మార్చండి. ముందే తెలుసుకోవాలంటే షట్టరు అర సెకను పెట్టి, కెమెరాను బల్బు ముందు వేగంగా అడ్డంగా తిప్పుతూ ఒక ఫొటో తీయండి. వెలుగు గీత తెగకుండా వస్తే మంచి బల్బు, చుక్కలు చుక్కలుగా తెగితే మినుకుతోంది. ఫిలమెంటు బల్బు ఈ పరీక్షలో ఎప్పుడూ తెగని గీతే ఇస్తుంది, ఎందుకంటే తీగ ఆ కొద్దిపాటి వ్యవధిలో చల్లారదు.

చేతిలో వెలిగే బల్బు

ఇది చాలామంది అడుగుతారు. దీనికి రీచార్జబుల్ ఎల్‌ఈడీ బల్బు వాడండి, కరెంటు పోయినా వెలిగే రకం. దాన్ని హోల్డరులో కొన్ని గంటలు ఛార్జ్ చేసి బయటికి తీశాక, అడుగున ఉన్న రెండు మొనలనూ ఒకేసారి వేళ్లతో తాకితే వెలుగుతుంది. లోపలి బ్యాటరీ నడిపిస్తుంది కాబట్టి తీగలు అక్కర్లేదు. వెలగకపోతే వేలి కొనలను కాస్త తడి చేయండి. హోల్డరులో ఉన్న బల్బుతోగానీ, మామూలు బల్బుతోగానీ ఇలా చేయకూడదని ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఇక్కడి పొరపాటు ఒకటే. బల్బు తెల్లగా మండిపోతుంది, ముఖం చీకట్లో ఉంటుంది. ముఖాన్ని బల్బుకు ఒక జానెడు దూరంలోకి తెండి. దగ్గరైనకొద్దీ ముఖం మీద వెలుగు బాగా పెరుగుతుంది, బల్బు వెలుగు మాత్రం మారదు. చెంప మీద చర్మపు గీతలు కనిపిస్తూ, బల్బు ఆకారం అంచులు తెలిసేలా ఉంటే సరిగ్గా వచ్చినట్టు.

బల్బులో తలకిందులైన ఊరు

నీరు నింపిన గోళం తన వెనుక ఉన్న దృశ్యాన్ని తలకిందులుగా చూపిస్తుంది. ఖాళీ బల్బు చూపించదు, నీరు ఉండాల్సిందే. అందుకోసం గాజు బల్బు మూతి విరగ్గొట్టి లోపలి భాగాలు లాగే పద్ధతులు చెలామణిలో ఉన్నాయి. చేతులు తెగుతాయి, వద్దు. బల్బు ఆకారపు ప్లాస్టిక్ సీసాలు అలంకరణ సామాను దుకాణాల్లో దొరుకుతాయి. గాలి బుడగ మిగలకుండా నింపి మూత బిగించండి.

మిద్దె మీద పిట్టగోడ ఉంటే చాలు. సాయంత్రం ఆకాశం, నీళ్ల ట్యాంకులు, దూరంగా భవనాలు వెనుక వచ్చేలా పెట్టండి. దృశ్యం కొన్ని మీటర్లకు అవతల ఉండాలి. ఫోకస్ సీసా మీద పెడితే బొమ్మ మసకబారుతుంది. బొమ్మ ఏర్పడేది బల్బు ముందు, కెమెరా వైపు. ఆరు సెంటీమీటర్ల గోళానికి సుమారు మూడు సెంటీమీటర్ల ముందు. అక్కడ వేలు పెట్టి ఫోకస్ చేసి, తర్వాత వేలు తీసేయండి. లాల్‌బాగ్ గాజు మందిరం ముందు ఇది చక్కగా కుదురుతుంది. కెమెరాకు అనుమతి, రుసుము సంగతి గేటు దగ్గరే అడగండి.

నీటి బల్బును ఎండలో వదిలి వెళ్లకండి. భూతద్దంలా ఎండను ఒకచోట పోగుచేసి గుడ్డనూ కాగితాన్నీ కాలుస్తుంది.

పొగ వచ్చే బల్బు

గాజు పగలగొట్టి, తీగకు నేరుగా కరెంటు ఇచ్చి అది కాలే పొగను తీసిన ఫొటోలు చూసి చాలామంది అదెలాగో అడుగుతారు. దాన్ని ఇంట్లో చేయకండి. గాజు లేని బల్బులో 230 వోల్టులు బయటికి తేలి ఉంటాయి, తీగ చెదరి ముక్కలు ఎగురుతాయి, వచ్చే పొగ టంగ్‌స్టన్ ఆక్సైడ్. ఆ పొగ అందం కావాలంటే మంచి బల్బుకు కింద, ఫ్రేము బయట, అగరువత్తి వెలిగించండి. ఫ్యాను ఆపండి, కిటికీ మూయండి. పక్క నుంచి, కాస్త వెనుకగా, ఒక టార్చి వెలుగు పొగ మీద మాత్రమే పడేలా చూడండి. పొగ కదలిక ఆగాలంటే కనీసం 1/250 సెకను కావాలి, అందుకు ఐఎస్ఓ 1600 వరకు పెంచవచ్చు. పొగను విడిగా తీసి, తీగ ఫొటోతో లైటెన్ మోడ్‌లోనే కలపండి. ఒకసారికి నాలుగైదు నిమిషాలు తీసి, కిటికీ తెరిచి గదిని ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టండి. గదిలో పొగ నిండిపోతే నల్ల నేపథ్యం బూడిద రంగుకు తిరుగుతుంది, పాయలు విడిగా కనిపించవు.